ఆవిరి మీటరు, నా సంతకం

ఈ పని నేర్చుకుంటున్న పిల్లలు కలిసినప్పుడల్లా ఒకటే అడుగుతారు: "మీ సర్వీసులో ఎప్పుడైనా కరెంటు కొట్టిందా సార్?" లేదు. ముప్పై ఏళ్ళకు పైగా మీటర్ల పని చేశాను. ఒక్కసారి కూడా కొట్టలేదు. పాదరసం ఒలకబోయలేదు, ఆవిరికి చెయ్యి కాల్చుకోలేదు. ఈ మాట చెప్పగానే వాళ్ళు నన్ను గొప్పగా చూస్తారు. అందుకని రెండో మాట కూడా చెప్పక తప్పదు. నా చేతి మీదుగా జరిగిన ప్రమాదాల్లో అన్నిటికంటే పెద్దదానిలో ఎవరి చర్మమూ కాలలేదు. ఒక మనిషి దొంగ అనిపించుకున్నాడు. అంతే.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడి ఐదారేళ్ళయి ఉంటుంది. గోదావరి దాటాక ఆదిలాబాదు జిల్లాలో ఒక అట్టల మిల్లు ఉండేది. గడ్డినీ వెదురునూ ఉడకబెట్టి దళసరి అట్ట తీసేవాళ్ళు. నాది చొప్పదండి దగ్గర పల్లె. కరీంనగర్‌లో చదివి, హైదరాబాదులో మీటర్ల పని నేర్చుకుని, ఆ మిల్లులో మెకానిక్‌గా చేరాను. ఇంకా పర్మనెంటు కాలేదు. ఏడాది గడిస్తే చేస్తామన్నారు.

మిల్లుకు ప్రాణం బాయిలరు. అక్కడ పుట్టిన ఆవిరి ఒక పెద్ద గొట్టంలో మిషనింటికి పోయేది. ఎంత పోతుందో చెప్పే సాధనం ఏదీ లేదు. కొత్తగా వచ్చిన మేనేజరుకు బొగ్గు మీద అనుమానం. వ్యాగన్లలో దిగే బొగ్గుకూ తయారయ్యే అట్టకూ పొంతన కుదరడం లేదని, మధ్యలో ఎవరో ఇటుక బట్టీలకు బొగ్గు దాటిస్తున్నారని ఆయన నమ్మకం. అది తేల్చడానికే ఆవిరి మీటరు తెప్పించాడు. పెట్టె విప్పేనాటికే మీటరు ఏం చెప్పాలో ఆయన మనసులో ఉంది. అప్పుడది నాకు తెలియదు.

బాయిలరు దగ్గర హెడ్ ఫైర్‌మన్ అరవైకి దగ్గరపడ్డ మనిషి. నిజాం కాలంలో రైలింజన్లలో బొగ్గు వేసి వచ్చినవాడు. అక్షరం రాదు. బొగ్గు కుప్ప ఆయన చేతికింద ఉండేది. ఏ పాళీకి, అంటే ఏ షిఫ్టుకు, ఎన్ని తట్టలు పోవాలో ఆయనే చెప్పాలి. మిల్లంతా ఆయనను కాకా అని పిలిచేది. మీటరు పెడుతున్నామంటే వచ్చి, పాదరసం కుండ వైపు కాసేపు చూసి, "గీ గడియారం నన్ను చూస్తదా, బాయిలర్‌ను చూస్తదా?" అని అడిగాడు. "ఆవిరిని చూస్తది కాకా" అన్నాను.

మీటరు సంగతి రెండు ముక్కల్లో చెబుతాను, తర్వాత కథకు అవసరం. ఆవిరి గొట్టంలో ఒక చోట జోడు, అంటే రెండు ముక్కల అతుకు, విప్పి నడుమ గుండ్రటి బెజ్జమున్న ఉక్కు పళ్ళెం బిగిస్తారు. బెజ్జంలో దూరేటప్పుడు ఆవిరి ఒత్తిడి కొంత తగ్గుతుంది. పళ్ళేనికి ముందొక సన్న గొట్టం, వెనకొక సన్న గొట్టం ఆ ఒత్తిడుల తేడాను పాదరసం దాకా తెస్తాయి. పాదరసం లేచినదాన్ని బట్టి కరెంటు తీగ ద్వారా బాయిలరింట్లో గోడకున్న ముల్లు కదిలి, కాగితపు పటం మీద గీత గీస్తుంది. ఇందులో పళ్ళేనికి ముందూ వెనకా ఉన్నాయి. బెజ్జం అంచు ఒక వైపు కత్తిలా పదును, రెండో వైపు ఏటవాలు. ఆవిరి మొదట పదును అంచును తగలాలి. తిరగేసి పెడితే ముల్లు అసలుకంటే తక్కువ చూపిస్తుంది. ఆ పొరపాటు జరగకూడదనే పళ్ళెం పిడి మీద ఒక వైపు అక్షరాలు చెక్కి ఉంటాయి. అక్షరాలు ఆవిరి వచ్చే దిక్కుకు, అంటే బాయిలరు దిక్కుకు ఉండాలి.

బిగించే పని ఆదివారం, మిల్లు ఆపిన రోజు. గొట్టం పని ఫిట్టరుది, కరెంటు పని నాది. ఫిట్టరు బోథ్ వైపు మనిషి, నాకంటే ఆరేడేళ్ళు పెద్ద. మాటల్లో మరాఠీ దొర్లేది. మేమంతా దాదా అనేవాళ్ళం.

నాకు కరెంటంటే చచ్చేంత భయం. హైదరాబాదులో నేర్చుకునేటప్పుడు, స్విచ్చి ఆపే ఉందని నమ్మి తీగ పట్టుకున్న ఒక పనివాణ్ణి చెక్క బల్లతో కొట్టి విడిపించడం చూశాను. అందుకని ఆ రోజు మెయిన్ స్విచ్చి ఆపి, ఫ్యూజులు పీకి అంగీ జేబులో వేసుకున్నాను. ఎవరైనా మరిచి స్విచ్చి వేసినా కరెంటు రాకూడదని. ఎర్త్ తీగ ముందు కలిపాను. ప్రతి కొసనూ రెండుసార్లు లాగి చూశాను. ఇంతలో గొట్టం దగ్గర నుంచి దాదా అరిచాడు.

"తమ్మీ, గీ పళ్ళెం మీద ఏదో రాసి ఉన్నది. ఎటు పెట్టాలె?"

పొద్దున నేను చూసినప్పుడు దాదా నిలబడ్డ బల్ల బాయిలరు వైపు ఉంది. నా చేతిలో తీగ కొస ఉంది, తల ఎత్తలేదు.

"రాసింది నీ దిక్కు పెట్టు దాదా!" అన్నాను.

"బరోబర్" అన్నాడు.

దాదా అరవడానికి ముందే, మధ్యాహ్నం, బొగ్గు తట్టలకు అడ్డమొస్తోందని బల్లను మిషనింటి వైపుకు మార్చేశారు. అది నేను చూడలేదు. చూడటానికి నేను లేచి పది అడుగులు వేస్తే సరిపోయేది. సాయంత్రానికి జోడు బిగించి, వేడి పోకుండా గొట్టానికి పూసే ముద్దను పిడితో సహా పూసేశారు. పాదరసం దగ్గరి మూడు వాల్వులను పుస్తకంలో రాసిన వరసలోనే తెరిచాను. ముల్లు మెల్లగా లేచింది. మా పైవాడు ఫోర్‌మన్ సాబ్ నా భుజం తట్టాడు. ఆ రోజు నాకు కలిగినంత గర్వం తర్వాత ప్రమోషన్లకు కూడా కలగలేదు.

నెల తిరిగేసరికి మేనేజరుకు కావలసిన జవాబు వచ్చింది. కాలిందని లెక్క రాసిన బొగ్గుకు రావలసినంత ఆవిరి రాలేదని మీటరు చెప్పింది. ఆయన అనుకున్నదే చెప్పింది కాబట్టి మీటరును ఎవరూ అనుమానించలేదు. కాకకు మెమో ఇచ్చారు. బొగ్గు ఎటు పోతోందో వారంలో జవాబు చెప్పాలని.

కాక మెమో పట్టుకుని నా దగ్గరికి వచ్చాడు. కోపంగా లేడు.

"జర నా ఎంబడి రా బిడ్డా" అని బాయిలరు వెనక నీళ్ళ టాంకీ దగ్గరికి తీసుకుపోయాడు. టాంకీ పక్కన గోడ మీద బొగ్గుతో గీసిన గీతలు ఉన్నాయి. "గీ టాంకి పాళీకి ఎన్నిసార్లు నిండుతదో గీతలు గీసి పెట్టిన. ఆవిరంటే నీళ్ళే గద. బాయిలర్ గిన్ని నీళ్ళు తాగింది. నీ గడియారం గంత ఆవిరి రాలే అంటుంది. మరి తాగిన నీళ్ళు ఏడికి వోయినయి? నీళ్ళు గూడ నేనే అమ్ముకున్ననా?"

ఇప్పుడు ఆలోచిస్తే, ఆ మిల్లులో అంతకంటే మంచి ఇంజనీరు మాట ఎవరూ మాట్లాడలేదు. అప్పుడు నేనేమన్నానో చెబితే మీరు నవ్వుతారు.

"బాయిలర్ కడిగేటప్పుడు నీళ్ళు వదులుతరు గద కాకా, గట్ల పోయి ఉంటయి. మీటరు అబద్ధం చెప్పదు."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "మీటరు చెప్పదు లే" అని, గీతల మీద చెయ్యి ఆనించి ఒక్క క్షణం నిలబడి వెళ్ళిపోయాడు.

అయినా అనుమానం తీర్చుకుందామని మీటరు పరీక్ష చేశాను. రెండు వైపుల ఒత్తిడినీ సమానం చేస్తే ముల్లు కచ్చితంగా సున్నా మీదికి వచ్చింది. పాదరసం సరిపడా ఉంది. తీగలు కొలిచాను, ఎక్కడా లోపం లేదు. పళ్ళెం మాట తోచనే లేదు. ముద్ద కింద ఉన్నది ఎవరికి గుర్తుంటుంది! ఫోర్‌మన్ సాబ్ అడిగితే "మీటరు సరిగా పనిచేస్తున్నది" అని ఇంగ్లీషులో నాలుగు వాక్యాలు రాసి సంతకం పెట్టాను. దాని కింద ఆయన పెట్టాడు. ఆ కాగితం కాక ఫైలులో చేరింది. మూడో రోజున ఆయనను సస్పెండ్ చేశారు.

మర్నాడు గురువారం. క్యాంటీన్‌లో చాయ తాగుతుంటే మాట కాక మీదికి పోయింది. దాదా ఆయన మనిషే. బాధగా ఉన్నాడు.

"గా మీటర్ బిగించిన దినం నుంచే ముసలాయనకు శని పట్టింది" అన్నాడు. "నాకు గూడ గా దినమే నడుం పట్టింది. మిషనింటి దిక్కు గా వంకర బల్ల మీద నిలబడి బోల్టులు బిగించిన గద, ఇప్పటిదాంక సాపు కాలే."

"ఏ దిక్కు?" అన్నాను.

"మిషనింటి దిక్కు. బల్ల గాడికి జరిపిండ్రు. నీకు ఎరుక లేదా?"

"రాసింది ఎటు పెట్టినవ్ దాదా?"

"నా దిక్కే. నువ్వే ఒర్లినవ్ గద." నా ముఖం చూసి గ్లాసు కింద పెట్టాడు. "కాయ్ ఝాలా? ఏమైంది?"

చాయ మిగిలింది మిగిలినట్టే వదిలేసి బయటికి వచ్చాను.

ఇక్కడ మీరు నా గురించి మంచిగా ఊహించుకోకండి. నేను వెంటనే ఫోర్‌మన్ సాబ్ దగ్గరికి పరిగెత్తలేదు. గురువారం పోలేదు, శుక్రవారం పోలేదు, శనివారమూ పోలేదు. కళ్ళతో చూడకుండా చెప్పడం సరికాదని నాకు నేనే నచ్చజెప్పుకున్నాను. ఆదివారం మిల్లు ఆగుతుంది, జోడు విప్పి పళ్ళెం తిప్పేస్తే అన్నీ చక్కబడతాయని అనుకున్నాను. నా ఉద్యోగం పర్మనెంటు కావడానికి అప్పటికి మూడు నెలలే ఉంది. ఆ మూడు రోజులూ కాక ఇంటి ముందు నుంచి కాకుండా వెనక సందులోంచి పనికి పోయాను.

ఆదివారం పొద్దున జోడు దగ్గర ఆవిరి కారుతోందని చెప్పి పనికి అనుమతి తీసుకున్నాను. ఇదొక అబద్ధం. పని మాత్రం పద్ధతిగానే చేశాం. బాయిలరు వాల్వు మూసి, చక్రానికి గొలుసు చుట్టి తాళం వేసి తాళంచెవి జేబులో పెట్టుకున్నాను. అడుగు కుళాయి తెరిచి, లోపలి ఆవిరి పూర్తిగా పోయి గొట్టం చల్లారేదాకా ఆగాం. ఫ్యూజులు పీకాను. దాదా ముద్ద పగలగొట్టి, తనకు అవతలి వైపు బోల్టులు ముందు వదులు చేశాడు. లోపల ఏమైనా వేడినీళ్ళు మిగిలి ఉంటే అటు పోవాలి గాని ముఖం మీదికి రాకూడదు. ఈ జాగ్రత్తలన్నీ నేర్చుకోండి. వీటిలో నేనెప్పుడూ తప్పలేదని మొదట్లోనే చెప్పాను.

పిడి బయటపడింది. గుడ్డతో తుడిచాను. అక్షరాలు మిషనింటి దిక్కుకు, స్పష్టంగా ఉన్నాయి.

దాదా పానా కింద పెట్టి, తనూ వంగి చూశాడు. తర్వాత, "నాది తప్పా తమ్మీ?" అన్నాడు.

"కాదు. నేను చెప్పిందే నువ్వు చేసినవ్."

"ఐతే జల్ది తిప్పేద్దాం పా. ఎవలకు ఎరుక?"

సరేనన్నాను. అవును, సరేనన్నాను. పళ్ళెం పట్టుకుని బయటికి లాగడానికి చెయ్యి కూడా వేశాను. దాదా బోల్టులు ఇంకాస్త వదులు చేస్తూ, తనలో తాను మాట్లాడుకుంటున్నట్టు అన్నాడు:

"రేపటి సంది ముల్లు మీదికి వోతది. మేనేజర్ ఖుష్ అయితడు. ముసలోడు పోంగనే ఆవిరి పెరిగింది, గీయనే దొంగ అని..."

అక్కడ ఆగిపోయాడు. నా చెయ్యి కూడా ఆగిపోయింది.

నాకు నిజంగా అప్పటిదాకా తట్టలేదు. గుట్టుగా తిప్పితే తప్పు దిద్దినట్టు కాదు. కాక మీద పడ్డ నిందకు రుజువు మా చేతులతో తయారుచేసినట్టు. ఆయన పోయిన వారానికే ఆవిరి పెరిగిందని పటంలో గీత కనబడుతుంది. ఇంక ఆయన గోడ మీద ఎన్ని గీతలు గీసినా ఎవరు చూస్తారు?

"ముట్టకు దాదా" అన్నాను. "గట్లనే ఉండనియ్యి. నేను సాబ్‌ను తోలుకొస్త."

"నీ నౌకరీ?"

బల్ల దిగి నడక మొదలుపెట్టాను. నిలబడి మాట్లాడితే మనసు మారుతుందని భయం.

ఫోర్‌మన్ సాబ్ హైదరాబాదు మనిషి. క్వార్టర్స్‌లో అన్నం ముందు కూర్చుని ఉన్నాడు. వాకిట్లో నిలబడే చెప్పాను. చెయ్యి కడుక్కుని, చెప్పులేసుకుని నా వెంట వచ్చాడు. బల్ల ఎక్కి పిడి చూశాడు. వేలితో అక్షరాలు తడిమాడు.

"ఎవలు పెట్టుమన్నరు గిట్ల?"

"నేనే సాబ్."

"ఎప్పటి సంది మాలూమ్ నీకు?"

గురువారం అంటే ఏమంటాడోనని ఒక్క క్షణం తటపటాయించాను. "గురువారం సంది."

ఆయన బల్ల మీదే కూర్చుని సిగరెట్టు వెలిగించాడు. "నువ్వు రాసిన కాయితం కింద నా దస్తఖత్ ఉన్నది. యాదున్నదా మియా?" అన్నాడు. నేను తల ఊపాను. సిగరెట్టు పూర్తిగా అయిపోయేదాకా గొట్టం వైపే చూస్తూ కూర్చున్నాడు. నాకూ దాదాకూ వచ్చిన ఆలోచనే ఆయనకూ వచ్చి ఉంటుంది. మూడో మనిషి కూడా సరేనంటే నేనేం చేసి ఉండేవాణ్ణో ఇప్పటికీ చెప్పలేను. ఆయన సిగరెట్టు పారేసి లేచాడు.

"హాత్ మత్ లగావ్. ఎవ్వలు ముట్టొద్దు. మేనేజర్ సాబ్‌ను నేనే తీస్కొస్త. ఆయన కండ్లతోని చూడాలె."

మేనేజరు వచ్చాడు, చూశాడు. "కొత్త యంత్రం, పొరపాట్లు సహజం" అన్నాడు. మనిషి ఊసెత్తలేదు. పళ్ళెం తిప్పి బిగించాం. సోమవారం ముల్లు ఉండవలసిన చోటికి వచ్చింది. బొగ్గు ఎటు పోయిందో ఇంక ఎవరూ అడగలేదు. అది పోవలసిన చోటికే, పొయ్యిలోకే పోయింది.

నాకు పర్మనెంటు ఒక ఏడాది వెనక్కి జరిగింది. ఫోర్‌మన్ సాబ్‌కు మందలింపు కాగితం వచ్చింది. దాని గురించి ఆయన నాతో ఎన్నడూ మాట్లాడలేదు. దాదాను పిలిచి అడిగితే, "తమ్మి చెప్పిండు, నేను పెట్టిన. ఏ దిక్కు నిలబడ్డనో చెప్పనిది నేనే" అన్నాడట. నా తప్పులో తనంతట తాను పాలు తీసుకున్నాడు.

కాకకు సస్పెన్షన్ రద్దు చేసిన ఉత్తరువు వచ్చింది. అది నేనే తీసుకుపోయి ఇస్తానని ఆఫీసులో అడిగి తీసుకున్నాను. ఈసారి ముందు వాకిలి నుంచే పోయాను. కాక గడపలో కూర్చుని చుట్ట తాగుతున్నాడు. ఆయన భార్య నన్ను చూసి లోపలికి వెళ్ళిపోయింది. పళ్ళెం సంగతి, నా అరుపు సంగతి, మూడు రోజులు నోరు మూసుకున్న సంగతి, అన్నీ చెప్పాను. తర్వాత ఉత్తరువు చదివి వినిపించాను. "ఆరోపణ ఉపసంహరించడమైనది" అని ఉంది.

"గంటే ఏంది?"

"నువ్వు దొంగవు కాదని, కాకా."

"గట్లని రాసిండ్రా?"

మళ్ళీ చూశాను. ఆ మాట ఎక్కడా లేదు. "గట్ల రాయలే. గదే అర్థం."

కాగితం అందుకుని, అటూ ఇటూ తిప్పి, నా చేతికే ఇచ్చేశాడు.

"గిది నేనేం చేసుకోను బిడ్డా? నాకు సదువు రాదు. నన్ను దొంగ అన్నోళ్ళు కాయితం మీద అనలే. గేటు కాడ అన్నరు. చాయ కొట్టు కాడ అన్నరు. బోరింగు కాడ నా ఇంటిదాన్ని బిందె ఎత్తనియ్యలే. నోటితోని అన్నరు. నోటితోనే చెప్పు. అందరి ముందల చెప్పు."

"సరే కాకా" అన్నాను.

మర్నాడు రెండు గంటలకు, పాళీ మారే వేళ గేటు దగ్గర నిలబడ్డాను. లోపలి నుంచి వచ్చేవాళ్ళు, బయటి నుంచి పోయేవాళ్ళు, వంద మందికి తక్కువ ఉండరు. గుంపు ముందు మాట్లాడటం నాకు అదే మొదలు. మీటరు తప్పుగా బిగించింది నేనని, తప్పు మీటరును మంచిదని రాసింది నేనని, ఒక్క తట్ట బొగ్గు కూడా బయటికి పోలేదని, కాక దొంగ కాదని చెప్పాను. నడుమలో మిల్లు కూత మోగింది. సగం మంది నడుస్తూనే ఉన్నారు. ఇద్దరు ముగ్గురు ఆగి, ఏం జరిగిందని పక్కవాళ్ళను అడుగుతున్నారు. అయిపోయింది కదా అని నేను పక్కకు జరిగాను.

కాక గేటు కంబానికి ఆనుకుని నిలబడి ఉన్నాడు. ఉతికిన అంగీ వేసుకుని వచ్చాడు. కదలలేదు.

"ఎనక ఉన్నోళ్ళకు వినబడలే" అన్నాడు. "మళ్ళ చెప్పు."

కూత ఆగేదాకా ఉండి, మొదటి నుంచి మళ్ళీ చెప్పాను.